రాంచీ బాబా ఫాదర్ బుల్కే

2018 మార్చిలో రాంచీ నగరం తన మనిషిని తాను తెచ్చుకుంది. ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గర నికల్సన్ సిమెటరీలో 1982 నుంచి ఉన్న ఒక జెస్విట్ ఫాదర్ అస్థికలను వెలికి తీయించి, రాంచీకి చేర్చి, సెయింట్ జేవియర్స్ కాలేజీ ఆవరణలో ప్రార్థనల మధ్య మళ్ళీ సమాధి చేసుకున్నారు. ఆయన పెళ్ళాం బిడ్డలు లేని సన్యాసి. పోయి అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు దాటింది. ఎరిగినవాళ్ళలో చాలామంది తామే వెళ్ళిపోయారు. అయినా ఒక ఊరు, మా బాబా మా ఊళ్ళోనే ఉండాలని పట్టుబట్టి తెచ్చుకుంది. పదవిలో ఉన్నవాళ్ళకు విగ్రహాలు పెట్టడం మనకు తెలుసు. ఒక పంతులుగారి కోసం ఊరు ఇంతగా పాకులాడటం నేను మరెక్కడా వినలేదు.

ఆయన పేరు కామిల్ బుల్కే. రాంచీలో బాబా బుల్కే. తెలుగునాట హిందీ పరీక్షలకు కూర్చున్న మా తరానికి ముందు పరిచయమైంది మనిషి కాదు, ఆయన అంగ్రేజీ–హిందీ కోశం. మా హిందీ మాస్టారి బల్లమీద అట్ట ఊడి, దారంతో మళ్ళీ కుట్టించిన ప్రతి ఒకటి ఉండేది. ఏ మాటకైనా అర్థం అడిగితే ఆయన చెప్పేవారు కాదు. "బుల్కే గారిని అడుగు" అని పుస్తకం ఇటు జరిపేవారు. ఆ బుల్కే గారు బెల్జియంలో పుట్టిన కతోలిక గురువు అని కూడా మాస్టారే చెప్పారు, ఎంతో గౌరవంగా, తన సొంత గురువును తలుచుకున్నట్టు. ఆ గౌరవం నాకూ అంటుకుంది. తర్వాత ఆయన రాసినవి, ఆయన గురించి రాసినవి ఒక్కొక్కటీ వెతుక్కుని చదువుతూ వచ్చాను. ఎంత చదివినా ఒక విషయం దగ్గరే ఆగిపోతాను. తన తల్లిభాషకు జరిగిన అవమానం చూసి పెరిగిన మనిషి, దాన్ని పగగా మోసుకు తిరగకుండా, వేల మైళ్ళ అవతల ఇంకొకరి భాషకు ఊడిగం చేసి తీర్చుకున్నాడు.

అదెలాగో చెప్పాలంటే ఆయన పుట్టిన ఫ్లాండర్స్ సంగతి కొంచెం చెప్పాలి. బుల్కే 1909 సెప్టెంబరు 1న బెల్జియం ఉత్తరాన, సముద్రానికి దగ్గరి పల్లె రామ్స్‌కపెల్లెలో పుట్టారు. ఆ దేశంలో ఫ్లెమిష్ మాట్లాడే జనమే ఎక్కువ. కానీ 1830లో దేశం ఏర్పడిన నాటి నుంచి కచేరీలోనూ కోర్టులోనూ సైన్యంలోనూ పెద్ద చదువుల్లోనూ ఫ్రెంచిదే పెత్తనం. కాస్త చదువుకున్న ఫ్లెమిష్ కుటుంబాలు పిల్లలతో ఫ్రెంచిలో మాట్లాడటం హోదా అనుకునేవి. గెంట్ విశ్వవిద్యాలయంలో బోధన ఫ్లెమిష్ జనం భాషలోకి పూర్తిగా మారింది 1930లో, అదీ ఏళ్ళ తరబడి పోరాడాక. అప్పుడు బుల్కే లూవెన్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడు. విద్యార్థిగా ఆ భాషా ఉద్యమంలో తిరిగినవాడు. మన దగ్గర తెలుగులో మాట్లాడినందుకు పసిపిల్లల మెడలో పలక వేలాడదీసిన బడి గురించి వార్త చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. ఆ పిల్లలకు ఏమనిపించి ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ 1930లోనే ఇంజనీరింగ్ దారి వదిలి జెస్విట్ సభలో చేరారు. ఛోటానాగపూర్ పేరు ఫ్లాండర్స్ పల్లెల్లో అప్పటికే తెలుసు. ఫ్లాండర్స్ గడ్డ మీదే పుట్టిన కాన్‌స్టాంట్ లీవెన్స్ అనే జెస్విట్ 1885లో రాంచీ ప్రాంతానికి వచ్చి, జమీందార్ల చేతిలో భూములు పోగొట్టుకుంటున్న ముండా, ఉరావ్ రైతుల తరఫున కోర్టుల చుట్టూ తిరిగి, క్షయ పట్టి 1893లో కన్నుమూశారు. ఇండియా వెళ్ళాలని బుల్కేకు అనిపించడంలో ఆ కథ పాలు ఉంది. తులసీదాసు పాలు కూడా ఉంది. సన్యాస శిక్షణలో ఉండగా జర్మన్ భాషలోకి వచ్చిన రామచరితమానస్ పాదాలు కొన్ని ఆయన కంటపడ్డాయి. కొడుకు నడవడి విని తండ్రి పొంగిపోవడం గురించిన చరణాలవి. కన్నవాళ్ళను వదిలి రాబోతున్న ఇరవై ఏళ్ళు దాటిన కుర్రవాడికి అవి ఎక్కడ తగిలి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆ పరిచయం చివరి దాకా వదల్లేదు.

1935లో ఓడ దిగారు. కొన్నాళ్ళు డార్జిలింగ్, తర్వాత గుమ్లాలో బడిపిల్లలకు లెక్కలు చెప్పారు. వచ్చిన కొత్తలో ఆయన్ని బాగా కలవరపెట్టింది పేదరికం కాదు. చదువుకున్న భారతీయులు ఇంగ్లీషులో మాట్లాడటం గొప్పగా, సొంత భాష రాకపోవడాన్ని మామూలు సంగతిగా చెప్పుకోవడం ఆయన్ని కలవరపెట్టింది. ఆయన తర్వాతి వ్యాసాల్లో ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. తన ఊళ్ళో చూసిన జబ్బే ఇక్కడా కనిపించింది. దానికి ఆయన చేసుకున్న వైద్యం ఉపన్యాసం కాదు. తానే పలక పట్టుకుని కూర్చున్నారు. హజారీబాగ్ దగ్గర సీతాగఢ్‌లో బదరీదత్త శాస్త్రి అనే పండితుడి దగ్గర హిందీ, సంస్కృతం నేర్చుకున్నారు. 1940లో విశారద పరీక్ష ప్యాసయ్యారు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పెట్టే ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష మెట్లెక్కి విశారద దాకా వెళ్ళిన మన ఆంధ్ర హిందీ పండితులకు ఆ పేరు వింటే ఒక ఆత్మీయత కలుగుతుంది. ఒక ఫాదర్ గారు ముప్ఫై ఏళ్ళ వయసులో, మనలాగే పాఠాలు వల్లెవేసి, మనలాగే పరీక్ష హాల్లో కూర్చున్నారు. మరుసటి ఏడు, 1941లో, ఆయనకు గురుపట్టాభిషేకం జరిగింది.

ఆ తర్వాత కలకత్తాలో సంస్కృతం, అక్కణ్ణుంచి అలహాబాద్. అప్పటి అలహాబాద్ విశ్వవిద్యాలయం హిందీ శాఖకు ధీరేంద్ర వర్మ పెద్ద దిక్కు. మాతాప్రసాద్ గుప్త పర్యవేక్షణలో బుల్కే రామకథ మీద పరిశోధన మొదలుపెట్టారు. హిందీ సాహిత్యం మీద చేసే పరిశోధన అయినా ఇంగ్లీషులోనే రాసి సమర్పించాలని నిబంధన. బుల్కే ససేమిరా అన్నారు. హిందీలోనే రాస్తానన్నారు. విశ్వవిద్యాలయం నిబంధన సడలించింది. 1949లో డాక్టరేటు వచ్చింది, మరుసటి ఏడు గ్రంథం అచ్చయింది: రామకథా: ఉత్పత్తి ఔర్ వికాస్. హిందీవాళ్ళ పిల్లలు హిందీలో పరిశోధన పత్రం రాసుకునే దారి తెరిచినవాళ్ళలో ఒక ఫ్లెమిష్ పల్లెటూరి కుర్రవాడు ఉన్నాడు. ఆ పట్టుదల లూవెన్ వీధుల్లో పుట్టిందని నా నమ్మకం.

ఆ గ్రంథం గురించి కాసేపు మాట్లాడకపోతే ఈ నివాళి నివాళి కాదు. రామకథ ఎక్కడెక్కడ ఎన్ని రూపాల్లో ఉందో అన్నీ ఒకచోట పేర్చి, ఏ పాయ ఎక్కడ పుట్టి ఎటు పారిందో చూపించిన పుస్తకం అది. వాల్మీకి, మహాభారతంలోని రామోపాఖ్యానం, పురాణాలు, దశరథ జాతకం, విమలసూరి ప్రాకృతంలో రాసిన పఉమచరియం, టిబెట్, ఖోతాన్‌లలో దొరికిన కథలు, జావా కాకవిన్, మలయా సేరీ రామ, థాయ్ రామకియెన్, ఇక మన దేశభాషల్లో ఉన్నవన్నీ. ఒక్క సీత పుట్టుకనే తీసుకోండి. మనకు తెలిసింది జనకుడి నాగటి చాలులో దొరికిన బిడ్డ. దశరథ జాతకంలో ఆమె దశరథుడి కూతురు. జైన కథల్లో కొన్నిటిలో, ఆగ్నేయాసియా కథల్లో రావణుడి కూతురు. పుట్టగానే కులనాశనం అవుతుందని జోస్యం చెబితే పెట్టెలో పెట్టి వదిలేసిన బిడ్డ. ఇంకొన్నిటిలో పద్మంలోంచి పుట్టింది. బుల్కే వీటిని వరసగా పెట్టి, ఏది ముందు, ఏది తర్వాత, ఏ ప్రాంతంలో ఏ అవసరంతో కథ ఎలా మలుపు తిరిగిందో ఓపికగా విడదీశారు. ఎక్కడా ఎగతాళి లేదు. ఇది తప్పు, అది ఒప్పు అని తీర్పులు లేవు. ఏ కథ చెప్పిన నోటినైనా సమానంగా గౌరవించి విన్నారు.

మన తెలుగు ద్విపద, గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం, ఆయన లెక్కలో ఉంది. వారధి కట్టేటప్పుడు ఇసుక రాల్చి రాముడి చేత వీపు నిమిరించుకున్న ఉడుత, మేఘనాదుడి భార్య సులోచన, ఇలాంటివి తెలుగు పిల్లలు బామ్మల దగ్గర విన్నారు. వాల్మీకిలో ఇవి లేవని పెద్దయ్యాక తెలిసినప్పుడు ఇవి "అసలు"వి కావేమోనన్న చిన్న దిగులు పుడుతుంది. బుల్కే పుస్తకం చదివాక నాకా దిగులు పోయింది. మన బామ్మ చెప్పింది కూడా రామకథే. దానికీ ఒక వంశవృక్షం ఉంది, అందులో దాని కొమ్మ దానికుంది. ఏ.కే. రామానుజన్ తన ప్రసిద్ధ వ్యాసానికి మూడు వందల రామాయణాలు అని పేరు పెట్టినప్పుడు ఆ మూడు వందల లెక్క తెచ్చుకున్నది బుల్కే నుంచే. 2011లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆ వ్యాసాన్ని పాఠ్యప్రణాళిక నుంచి తీసేసినప్పుడు దేశమంతా రచ్చ జరిగింది. ఆ గొడవలో బుల్కే పేరు ఎత్తినవాళ్ళు తక్కువ. ఎత్తి ఉంటే బాగుండేది. రామభక్తికీ రామకథ పరిశోధనకూ వైరం లేదని చూపించడానికి ఆయన జీవితం కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

పాదరీకి రామాయణంతో పనేమిటని అడిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. క్రైస్తవుల వైపు నుంచీ అడిగారు, హిందువుల వైపు నుంచీ అడిగారు. బుల్కే రెండు వైపులకూ ఒకే జవాబు చెప్పారు. తన విశ్వాసం యేసు మీద. దివ్యపూజ చెప్పుకునే గురువుగా బతికారు, గురువుగానే పోయారు. ఆయన తొలి హిందీ పుస్తకాల్లో ఒకటైన ముక్తిదాతా క్రీస్తు జీవితమే. తులసీదాసులో ఆయన్ని కట్టిపడేసింది వినయం, శరణాగతి, భక్తి అంటే పరోపకారమనే నమ్మకం. భక్తుడన్నవాడు ఎదుటివాడికి కష్టం కలిగించలేడని తులసి చెప్పింది తన గుండెకు దగ్గరగా ఉందని చెప్పుకున్నారు. రెండిటినీ కలిపి మూడోది వండలేదు, ఒకదాన్ని తక్కువ చేసి రెండోదాన్ని పొగడలేదు. ఇది చెప్పడానికి తేలిక. నలభై ఏళ్ళు రోజూ అలా బతకడం మాటలు కాదు.

డాక్టరేటు వచ్చాక రాంచీ సెయింట్ జేవియర్స్ కాలేజీలో సంస్కృతం, హిందీ శాఖలకు అధ్యక్షులయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలోనే భారత పౌరసత్వం తీసుకున్నారు. కానీ వినికిడి దెబ్బతినడంతో తరగతి గదిలో పాఠం చెప్పడం కష్టమైంది. చెవులు సహకరించని పంతులు ఏం చేస్తాడు? బుల్కే తన గదినే తరగతి చేసుకున్నారు. పురులియా రోడ్డులోని మన్రేసా హౌస్‌లో ఆయన పుస్తకాల మధ్య ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పరిశోధన విద్యార్థులు వచ్చేవాళ్ళు, ఉద్యోగం దొరకని కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు, దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు. చేతిలో పని పక్కన పెట్టి చెవి దగ్గర యంత్రం సర్దుకుని వినేవారు. పుస్తకాలు చేబదులిచ్చేవారు. అలా కూడబెట్టిన గ్రంథాలయం ఆయన పేరిట పరిశోధన సంస్థ అయింది, ఆ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. తెల్లటి అంగీ, తెల్లటి గడ్డం, సైకిలు: రాంచీ పాతతరం ఆయన్ని అలాగే తలుచుకుంటుంది. మతగురువుకు, బడిపంతులుకు, ఇంటి పెద్దకు ఉండే మూడు పనులూ ఆ ఒక్క గదిలో జరిగాయి. బాబా అన్న పిలుపు అక్కణ్ణుంచి వచ్చింది.

నిఘంటువు పని కూడా ఆ గదిలోదే. 1955లో చిన్న పారిభాషిక పదకోశం, 1968లో పెద్ద కోశం. హిందీ నేర్చుకునే తెలుగువాడికి ఆ పుస్తకం ఎందుకు దేవుడిచ్చిన వరమో చెబుతాను. మామూలు నిఘంటువు ఇంగ్లీషు మాట పక్కన అర్థాలు గుట్టగా పోస్తుంది, ఏది ఎక్కడ వాడాలో తెలియదు. బుల్కే ఒక్కో మాటకున్న అర్థాలకు అంకెలు వేసి విడదీశారు. ఏ సందర్భానికి ఏ హిందీ మాట నప్పుతుందో క్లుప్తంగా సూచించారు. చివర ఆ ఇంగ్లీషు మాటను ఎలా పలకాలో నాగరిలో రాశారు. పరాయి భాషను తాను ఎన్ని తంటాలు పడి నేర్చుకున్నాడో మరిచిపోని మనిషి మాత్రమే అలా రాయగలడు. నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో అక్కడ చెయ్యి అందించాడు. మనకు తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర ఉన్నాడు, ఆ రుణం మనం మరవలేదు. కానీ బ్రౌన్ వెనక కంపెనీ కొలువు ఉంది. బుల్కే వెనక ఒక మంచం, ఒక బల్ల, ఒక సైకిలు ఉన్నాయి.

ఇవి కాక మాటర్లింక్ నాటకం బ్లూ బర్డ్‌ను నీల్ పంఛీగా 1958లో హిందీ చేశారు. మాటర్లింక్ ఫ్లాండర్స్‌లోని గెంట్ మనిషే, కానీ రాసింది ఫ్రెంచిలో. నోబెల్ కూడా 1911లో ఆ ఫ్రెంచి రచనలకే వచ్చింది. తన నేలవాడు ఏలికల భాషలో రాసిన నాటకాన్ని బుల్కే రాంచీలో కూర్చుని హిందీలోకి తెస్తున్నప్పుడు ఆయన మనసులో ఏం మెదిలిందో నాకు చాలాసార్లు ఆలోచన వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నేను ఏకీభవించలేను. సంస్కృతాన్ని రాణి అని, హిందీని కోడలని, ఇంగ్లీషును దాసి అని ఆయన అంటుండేవారట. హిందీ నేలలో ఆ మాట చప్పట్లు కొట్టించుకుంటుంది. తెలుగువాణ్ణి, నాకు ఆ ఇంట్లో తెలుగు ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. భాషల్లో దాసి ఎవరూ ఉండకూడదు. ఏ భాషనైనా దాసిని చేస్తే ఏమవుతుందో ఫ్లాండర్స్‌లో చూసిన మనిషి ఆ పోలిక ఎంచుకోకుండా ఉండాల్సింది. అయితే ఆయన హిందీని ఎవరి నెత్తినా రుద్దలేదు. తన చుట్టూ ఉన్న హిందీ పిల్లలు వాళ్ళ భాషకు సిగ్గుపడుతుంటే, సిగ్గుపడొద్దని చెప్పడానికి ఒక జన్మ ఖర్చు చేశారు. అదే మాట ఆయన గుంటూరులో పుట్టి ఉంటే తెలుగు గురించి అనేవారని నాకు అనుమానం లేదు.

1974లో పద్మభూషణ్ వచ్చింది. 1977లో కొత్త నిబంధన అనువాదం నయా విధాన్ వెలువడింది. చర్చిల్లో చదివే హిందీ, బజారులో మాట్లాడే హిందీకి దూరంగా గంభీరంగా మిగిలిపోకూడదని, పల్లె ముసలమ్మకు కూడా విన్నవెంటనే అర్థమవ్వాలని ఆయన ఆరాటం. పాత నిబంధన చేతిలో ఉండగా కాలివేలికి గాంగ్రీన్ పట్టింది. బీహార్ ఆసుపత్రుల నుంచి ఢిల్లీ ఎయిమ్స్‌కు తీసుకెళ్ళారు. 1982 ఆగస్టు 17న కన్నుమూశారు. రోజుకో పేజీ తిప్పుతూ అనువాదం చేసుకునే మనిషికి పని మధ్యలో ఆగిపోవడం ఎంత బాధో, రాసేవాళ్ళకు తెలుస్తుంది. మిగిలింది వేరేవాళ్ళు పూర్తిచేశారు.

ఫాదర్ గారూ, మీరు మా ఊరికి ఎప్పుడూ రాలేదు. కానీ మీ కోశం వచ్చింది. మండల కేంద్రాల హైస్కూళ్ళలో, జిల్లా పరిషత్ బడుల్లో హిందీ పండితులుగా చేరి పిల్లల్ని పెంచుకున్న తెలుగువాళ్ళం ఎందరమో ఉన్నాం. ఆ ఉద్యోగాలకు రాసిన పరీక్షల రాత్రుళ్ళలో మీ పుస్తకం మా చాపల మీద తెరిచే ఉండేది. మేము తిన్న అన్నంలో మీ పాలు ఉంది. మా మాస్టారి తరఫునా నా తరఫునా మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.